పన్నెండు నట్లు, ఎనిమిది నట్లు

మొన్నామధ్య ఒక శనివారం పొద్దున్నే మా టీమ్ లీడ్ ఫోన్ చేసేడు. "ఖాళీగా ఉన్నావా? చక్రాలెత్తాలి, నడుం గట్టి మనిషి కావాలి" అన్నాడు. నేను చదివింది మెకానికల్, చేసేది జావా. నట్టూ బోల్టూ ముట్టుకుని ఆరేళ్ళయింది. అందుకే టిఫిన్ కూడా చెయ్యకుండా పరిగెత్తా.

డెన్వర్ అవతల కొండల వైపు వాళ్ళిల్లు. గరాజులో పాత షెవర్లే ట్రక్కు జాకీల మీద నిలబడి ఉంది. పక్కన నేల మీద ఆకుపచ్చ రంగు పోయిన నాలుగు చక్రాలు, 37 అంగుళాల టైర్లతో సహా. మిలిటరీ హమ్వీవి. వేలంలో నాలుగూ కలిపి, కొత్త టైరు ఒక్కటి కొనే డబ్బులకే కొట్టుకొచ్చేట్ట. మనిషి మొహం వెలిగిపోతోంది.

చక్రం మధ్యలో ఎనిమిది బెజ్జాలున్నాయి, అవి ట్రక్కుకి బిగించేవి. వాటికి బయట, రిమ్ము చుట్టూ ఇంకో వరసలో పన్నెండు నట్లు. "ముందీ పన్నెండూ ఊడదీద్దాం, రెండు ముక్కలవుతుంది" అని పానా తీసుకున్నాడు. "గాలి తీసేసేవా?" అనడిగా. "వాల్వు పిన్ను నిన్నే పీకేశా, బుస్సు మనలేదు. ఖాళీదే" అన్నాడు.

ఆ "బుస్సు మనలేదు" అన్న మాట దగ్గర నాకు మా బాబాయ్ గుర్తొచ్చేడు. ఆ సంగతి చివర్లో చెప్తా. ముందు అసలీ రెండు వరసల నట్ల చక్రం ఎందుకు పుట్టిందో చెప్పాలి. దాని వెనక ఓ ఎనభై ఏళ్ళ కథుంది.

టైరు రిమ్ముని ఎందుకు వదలదు?

గాలి టైరుని 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ తయారు చేసేడని మనం చిన్నప్పుడే బట్టీపట్టాం. కానీ ఆయన టైరుని చక్రానికి అతికించేసేవాడు. పంక్చరయితే ఊడదీయడం ఓ యజ్ఞం. 1890లో వెల్చ్ అనే ఆయన టైరు అంచులో తీగ పెట్టి, రిమ్ము మధ్యలో ఓ లోతు గాడి పెట్టేడు. ఒక వైపు అంచుని గాడిలోకి దింపితే రెండో వైపు రిమ్ము మీంచి జారి బయటికొస్తుంది. ఈ రోజుకీ మన కారు చక్రం నడిచేది ఆ సూత్రం మీదే. ఆ తీగ ఉన్న అంచునే బీడ్ అంటారు (బీడు భూమి కాదు).

ఇక్కడో కిటుకుంది. బీడ్‌ని రిమ్ముకి అదిమి పట్టేది లోపలున్న గాలే. గాలి బాగా ఉంటే టైరు కదలదు. తగ్గిందో, వంపులో బండి వాలినప్పుడు బీడ్ జారి ఆ గాడిలో పడుతుంది, టైరు ఊడొస్తుంది. అంటే టైరు మార్చడానికి పనికొచ్చే ఏర్పాటే టైరు ఊడిపోవడానికీ దారి.

మరి గాలి తగ్గించడం దేనికీ అంటే ఇసుక కోసం, రాళ్ళ కోసం. లెక్క చాలా తేలిక. ఒక చక్రం మీద 500 కిలోల బరువుందనుకోండి. 30 పీఎస్సై గాలుంటే టైరు నేలని ఆనుకునే జాగా సుమారు 37 చదరపు అంగుళాలు. గాలి 10కి దించితే అదే 110. జాగా మూడింతలైతే నేల మీద ఒత్తిడి మూడో వంతు. అప్పుడు ఇసుకలో కూరుకుపోయే బండి తేలుతుంది.

ఈ సంగతి ఎడారిలో బాగా వంటబట్టించుకున్నవాళ్ళలో రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ ఇంజనీరు ఆఫీసరొకడు. 1920ల చివర్లో ఈజిప్టు, లిబియా ఎడారుల్లో ఫోర్డు కార్లేసుకుని తిరిగేవాడు. టైర్లలో గాలి తగ్గించి ఇసుక దిబ్బలెక్కేవాడు. 1940లో కైరోలో లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ మొదలెట్టింది ఆయనే. వాళ్ళ షెవర్లే ట్రక్కులు శత్రువుల వెనక వందల మైళ్ళు తిరిగొచ్చేయంటే అందులో టైర్ల గాలి లెక్కకీ వాటా ఉంది.

యుద్ధానికొచ్చిన రెండు ముక్కల రిమ్ము

సైన్యానికి ఇంకో బాధ కూడా ఉంది. బుల్లెట్ తగిలి గాలి మొత్తం పోయినా బండి ఆ గండం దాటి కొంత దూరం పోవాలి. టైరు నలిగి చచ్చినా ఫర్వాలేదు, రిమ్ము నుంచి ఊడకూడదంతే. వెల్చ్‌గారి గాడితో అది కుదరదు.

అందుకని గాడిని తీసేసేరు. గాడి లేకపోతే టైరెలా ఎక్కించాలి? రిమ్మునే రెండు ముక్కలు చేసేరు. సగం రిమ్ము కింద పెట్టి, టైరు వేసి, టైరు లోపల రెండు బీడ్‌ల మధ్యా ఒక ఉక్కు పట్టీ ఇరికించి, పైన రెండో సగం పెట్టి బోల్టులు బిగిస్తారు. బిగిసేకొద్దీ బీడ్‌లు ఆ పట్టీకీ రిమ్ముకీ మధ్య నలిగి పట్టుబడతాయి. ఇహ గాలున్నా లేకపోయినా టైరు కదలదు. బీడ్ లాక్ అంటే ఇదే. అప్పట్లో దీన్ని కంబాట్ రిమ్ము అన్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు చేసిన జీపులకి మొదట్లో మామూలు రిమ్ములే ఉండేవి. తర్వాత ఈ కంబాట్ రిమ్ములొచ్చేయి. 16 అంగుళాల చక్రం, మధ్యలో 5 వీల్ నట్లు, రిమ్ము చుట్టూ 8 నట్లు. నీళ్ళలోనూ నేల మీదా నడిచే జీఎంసీ డకు ట్రక్కుకి కూడా (1942) ఇలాంటివే, 18 అంగుళాలవి. తర్వాత ఆ డకులో ఇంకో వింత చేర్చేరు. డ్రైవరు సీట్లో కూర్చునే టైర్లలో గాలి తగ్గించొచ్చు, పెంచొచ్చు. రోడ్డు మీద 40, సముద్రపొడ్డు ఇసుకలో 12. చక్రం గట్టిగా పట్టుకుంటుంది గనకే గాలితో అంత ఆటాడగలిగేరు.

సైన్యంలో దీనికి పద్ధతి కూడా ఉండేది. 1944లో జీపుకి వచ్చిన టీఎం 9-803 అనే మాన్యువల్ తీసి చూడండి, ఏ నట్టు ఎప్పుడు ముట్టుకోవాలో వరసగా ఉంటుంది. గాలి పూర్తిగా తియ్యకుండా బయటి వరస నట్లు ముట్టుకోకూడదన్నది మొదటి పాఠం. దాన్ని నేర్పడానికో సార్జంటు, తప్పుచేస్తే తిట్టడానికో ఇంకో సార్జంటు.

డిస్పోజల్

యుద్ధం అయిపోయింది. అమెరికా దగ్గర లెక్కలేనంత సరుకు మిగిలిపోయింది. 1944లోనే మిగులు ఆస్తుల చట్టం చేసేరు, 1946లో అమ్మకాలకి వార్ అసెట్స్ అడ్మినిస్ట్రేషన్ అని ఒక శాఖే పెట్టేరు. "పెట్టెలో ప్యాక్ చేసిన జీపు, 50 డాలర్లే" అన్న కట్టుకథ అప్పుడు పుట్టి, తర్వాత పత్రికల ప్రకటనల్లో దశాబ్దాల పాటు బతికింది. పెట్టెలో జీపు దొరికినవాడు లేడు గానీ, డొక్కు జీపులూ చక్రాలూ మాత్రం నిజంగానే రైతులకీ మెకానిక్కులకీ చేరేయి. కొండలెక్కే సరదాగాళ్ళకీ చేరేయి. అమెరికాలో ఆఫ్‌రోడింగ్ అనే సరదా పెరగడానికి పెట్టుబడి ఈ సెకండ్ హ్యాండ్ సరుకే.

మన వైపు కూడా "మిలిటరీ డిస్పోజల్" అన్న మాట మన నాన్నల తరం వాళ్ళకి బాగా తెలుసు. డిస్పోజల్ బూట్లు, డిస్పోజల్ దుప్పట్లు, డిస్పోజల్ జీపు. 1945లో ఉక్కు వ్యాపారంగా మొదలైన మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలెట్టాక గానీ మనకి కొత్త జీపులు రాలేదు.

నాకు ముఖ్యమనిపించిందేంటంటే, ఈ అమ్మకాల్లో చక్రం వచ్చింది, మాన్యువల్ రాలేదు. సార్జంటు అసలే రాలేదు. వేలంలో కొన్నవాడికి కనిపించేది రెండు వరసల నట్లు. ఏ వరస బండిని పట్టుకుందో, ఏ వరస గాలిని పట్టుకుందో ఇనుము మీద రాసుండదు. డాక్యుమెంటేషన్ లేని పాత కోడు చేతికొచ్చినప్పుడు మనం ఏం చేస్తాం? "ఈ లైనెందుకో అర్థం కావట్లేదు, తీసేసి చూద్దాం" అంటాం. అక్కడైతే బిల్డు పోతుంది. ఇక్కడ తల పోతుంది.

తల పోవడం అన్నది ఊరికే అన్న మాట కాదు. లెక్క చూడండి. 37 అంగుళాల టైరు, 16.5 అంగుళాల రిమ్ము. టైరు ఒక పక్క గోడ వైశాల్యం సుమారు 860 చదరపు అంగుళాలు. 30 పీఎస్సై గాలుంటే ఆ గోడ మీద తోపు 11 టన్నుల పైచిలుకు, ఇంచుమించు ఖాళీ బస్సంత. అందులో కొంత టైరు పై భాగం మోస్తుంది, మిగతాది రిమ్ముకొస్తుంది. సగమే వచ్చిందనుకున్నా ఒక్కో బోల్టుకి 450 కిలోలు పైనే. ఒక్కో నట్టూ ఊడదీసేకొద్దీ ఆ బరువంతా మిగిలినవాటి మీద పడుతుంది. చివరి మూడు నాలుగూ మనం ఊడదీయక్కర్లేదు, అవే తెగుతాయి. ఆ క్షణానికి మనం చక్రం మీదకి వంగి ఉంటాం.

బాబాయ్ లారీ

ఇప్పుడు బాబాయ్ సంగతి. చిలకలూరిపేట దగ్గర మా ఊరు. బాబాయ్‌కి లారీ ఉండేది. పాత లారీ చక్రాలకి బీడ్ లాక్ ఉండదు గానీ, అవీ ముక్కల రిమ్ములే. డిస్కు, దాని మీద సైడు రింగు, దాన్ని ఆపే లాక్ రింగు. లోపల ట్యూబూ ఫ్లాపూ. గాలి 100 పీఎస్సై పైనే. లాక్ రింగు సరిగ్గా గాడిలో కూర్చోకపోతే గాలి కొట్టేటప్పుడు ఎగిరిపోతుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు హైవే మీద ఒక పంక్చర్ షాపులో కళ్ళారా చూశా. గాలి కొడుతున్న కుర్రాడు నాకంటే ఓ ఐదారేళ్ళు పెద్ద. నేను చక్రానికి ఎదురుగా నిలబడి వింతగా చూస్తున్నా. "ఒరేయ్, ఎదురుగా నుంచోకు, ఇటు రా" అని బాబాయ్ రెక్క పుచ్చుకుని లాగేడు. నిమిషం అయిందో లేదో పిడుగు పడినట్టు చప్పుడు. రింగు పైకప్పు రేకులో బెజ్జం చేసుకుని పోయింది. కుర్రాడి ముంజేయి విరిగింది, ఒక కన్ను పోయింది. బాబాయ్ నన్ను లాగకపోయుంటే ఇప్పుడిది రాసేవాడుండడు.

తర్వాత బాబాయ్ చెప్పిందిదీ: "వాల్వులో మట్టి ఇరుక్కుంటే గాలుండీ బుస్సుమనదు. తీగ పెట్టి పొడిచి చూసిందాకా ఖాళీ అనకూడదు". ఆయన చదివింది ఆరో తరగతి. ఏ మాన్యువలూ చూడలేదు. ఆయన్ని నేర్పినాయన దగ్గర నేర్చుకున్నాడు.

అమెరికాలో ఇదే పాఠం చట్టమైంది. ముక్కల రిమ్ములు ఎగిరి టైరు షాపుల్లో మనుషులు చచ్చిపోతుంటే 1980లో కార్మిక భద్రత శాఖ ఓషా ఒక నిబంధన తెచ్చింది. ఇనప బోనులో పెట్టి గాలి కొట్టాలి, పొడుగు గొట్టంతో దూరం నుంచి కొట్టాలి, రింగు ఎగిరే దారిలో ఎవరూ నిలబడకూడదు, నేర్పకుండా ఎవర్నీ ఈ పనిలో పెట్టకూడదు. 1984లో దాన్ని ఒకే ముక్క రిమ్ములకీ విస్తరించేరు. దాని వెనకున్న కారణాల్లో ఒకటి అరంగుళం తేడా. 16 అంగుళాల టైరుని 16.5 రిమ్ము మీద పెడితే దాదాపు ఎక్కినట్టే కనిపిస్తుంది. కూర్చోవట్లేదని ఇంకా గాలి కొడతారు, బీడ్ తీగ తెగి పేలుతుంది.

మళ్ళీ హమ్వీ

ఆ 16.5 అన్న అంకె గుర్తుపెట్టుకోండి. 1983లో ఏఎం జనరల్ కంపెనీకి 55,000 హమ్వీల కాంట్రాక్టు దక్కింది. 1985 నుంచి అవి సైన్యంలోకొచ్చేయి. వాటి చక్రాలు 16.5 అంగుళాలవే, 8.25 వెడల్పు. ఈ 16.5 కొలతలో బీడ్ కూర్చునే చోటు 15 డిగ్రీల వాలు, మామూలు 16లో 5 డిగ్రీలే. పైగా మామూలు 16.5 రిమ్ములో బీడ్ జారకుండా ఆపే చిన్న గట్టు కూడా ఉండదు. అందుకే మామూలు 16.5 రిమ్ముతో గాలి తగ్గించి కొండలెక్కితే టైరు ఇట్టే ఊడుతుంది. హమ్వీది మాత్రం పాత జీపు చక్రానికి మనవడు. రెండు సగాలు, మధ్యలో గాలి పోకుండా రబ్బరు ఓ రింగు, లోపల బరువైన రబ్బరు రన్‌ఫ్లాట్. రెండు బీడ్‌లనీ పట్టుకునేదీ, గాలి పోతే బండిని ఓ 30 మైళ్ళు మోసేదీ ఆ రన్‌ఫ్లాటే. రేసుల్లో వాడే ఖరీదైన బీడ్ లాక్‌లలో చాలావాటికి బయటి బీడే బిగుస్తుంది. దీనికి రెండూ బిగుస్తాయి.

ఇంకో అదృష్టం ఏంటంటే, 6.5 అంగుళాల వలయం మీద 8 బోల్టులు. పాత షెవర్లే, డాడ్జ్, 1998 ముందటి ఫోర్డు పెద్ద ట్రక్కులదీ అదే కొలత. 2014 చివరిదాకా మామూలు జనానికి మొత్తం హమ్వీని వేలంలో అమ్మలేదు గానీ, చక్రాలు మాత్రం అంతకు ముందు నుంచే బయటికొచ్చేయి. సరదాగాళ్ళు ఎగబడ్డారంటే ఎగబడరూ మరి!

కొనాలనుకునేవాళ్ళకి, మా వాడి గరాజులో ఆ రోజంతా నేర్చుకున్నవి ఇవీ:

మొదటిది, నట్లు లెక్కెట్టండి. 12 నట్లవీ ఉన్నాయి, 24 నట్లవీ ఉన్నాయి. కవచం తొడిగిన బరువు హమ్వీల కోసం వచ్చినవి 24వి. తుప్పు పట్టినా, పగులున్నా, ఎవరైనా వెల్డింగ్ చేసినట్టున్నా వదిలెయ్యండి. ఒక చక్రం సగాన్ని ఇంకో రకం సగంతో కలపొద్దు.

రెండోది, లోతు. హమ్వీ చక్రం లోపలే గేర్ల పెట్టె ఉంటుంది గనక రిమ్ము ఎక్కువ భాగం లోపలి వైపుకి పోతుంది. బ్యాక్ స్పేసింగ్ సుమారు 7 అంగుళాలు. మామూలు ట్రక్కుకి బిగిస్తే టైరు లోపల స్ప్రింగులకీ స్టీరింగుకీ రాసుకుంటుంది. అందుకే మధ్య డిస్కుని కోసి, బయటికి జరిపి, మళ్ళీ వెల్డింగ్ చేయిస్తారు. చక్రం నిటారుగా తిరగాలంటే ఇది లేతు మీద చూసి చెయ్యాల్సిన పని. ఆదివారం అంటింపులకి లొంగదు. మధ్య బెజ్జం మీ హబ్బుకి పడుతుందో లేదో కూడా ముందే కొలుచుకోండి.

మూడోది, రన్‌ఫ్లాట్. బరువని తీసేసి కొందరు పీవీసీ గొట్టం కోసి రింగులా పెడతారు. అక్కడ వెడల్పే ప్రాణం. ఎక్కువైతే రెండు సగాలూ కలవవు, గాలి పోతుంది. తక్కువైతే బీడ్ బిగవదు, ఇంతా చేసి బీడ్ లాక్ పేరుకే. టైరు మారిస్తే బీడ్ మందం మారుతుంది, కాబట్టి మళ్ళీ కొలవాలి.

నాలుగోది, పాత నట్లు మళ్ళీ వాడొద్దు. కొత్తవి ఎదురెదురుగా, విడతలుగా బిగించండి. ఎంత బిగువో మాన్యువల్లో ఉంది. హమ్వీది టీఎం 9-2320-280-20, ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు. రోడ్డు మీద నడపచ్చా అన్నది మీ రాష్ట్రం చట్టం చూసుకోండి.

తీగ

సరే, గరాజులో మా వాడు పానా పట్టుకుని ఉన్నాడు కదా. "ఒక్క నిమిషం" అని పనిముట్ల డబ్బాలోంచి సన్న తీగ వెతికి, పక్కకి నిలబడి, నాలుగు వాల్వుల్లోనూ వరసగా పెట్టా. మొదటి మూడూ ఖాళీవే. నాలుగో దాంట్లో తీగ సగం దాకా పోయి ఆగింది. కొంచెం తిప్పి పొడిచా. ఎండిన మట్టి బెడ్డ ఒకటి టప్పున ఎగిరి గోడకి తగిలింది. ఆ తర్వాత బుస్సు మంటూనే ఉంది, ఎంతసేపో. ఇద్దరం మాట్లాడకుండా నిలబడి విన్నాం.

అది ఆగాక మా వాడు పానా కింద పెట్టి అడిగేడు, "ఇది ఏ కాలేజీలో చెప్పేరు?" అని.

"చిలకలూరిపేట హైవే మీద" అన్నాను :)

ఆ రాత్రి బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పా. అంతా విని, "ఆ మిగతా మూడూ కూడా తీగ పెట్టే చూశావుగా?" అని అడిగేడు. అంతే. మెచ్చుకోలేం లేదు. మా వాడు మాత్రం సోమవారం ఆఫీసుకి రాగానే మాన్యువల్ ప్రింటు తీసి గరాజు గోడకి అంటించేనని చెప్పేడు. దాని పక్కనే మేకుకి ఆ తీగ కూడా వేలాడదీసేట్ట.